కానీ ఒక్కటి ఒప్పుకోవాలి

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు ఏరుకునే అలవాటున్నవాళ్లకి ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. చలం పక్కన సిడ్నీ షెల్డన్, ఆయన పక్కన గ్రూప్స్ గైడు, దాని పక్కన హిట్లర్ ‘మైన్ కాంఫ్’. మిగతావన్నీ చేతులు మారి, అట్టలు నలిగి, మొదటి పేజీలో ఎవరిదో సంతకంతో ఉంటాయి. హిట్లర్ మాత్రం ప్లాస్టిక్ కవరు విప్పని కొత్త కాపీ. అంటే ఎవరో దాన్ని ఇంకా అచ్చేస్తున్నారు, ఎవరో ఇంకా కొంటున్నారు.

మొన్నొక ఆదివారం నా కళ్లముందే ఒక కుర్రాడు బేరమాడి మరీ కొన్నాడు. ఇరవయ్యేళ్లుంటాయేమో. కొంటే కొన్నాడు, చదవనీ. పుస్తకాన్ని చూసి భయపడే రకం కాదు నేను. నాకు అసలు ఇబ్బంది అదే సాయంత్రం, నా సొంత మనుషుల మధ్య ఎదురైంది.

నెలకోసారి పదిమందిమి ఒకచోట కూచుని ఏదో ఒక నవల గురించి మాట్లాడుకుంటాం. ఆ రోజు ఇరేన్ నెమిరోవ్‌స్కీ ‘స్వీట్ ఫ్రాన్సేజ్’. 1940 జూన్‌లో జర్మన్లు వచ్చేస్తున్నారని పారిస్ జనం రోడ్లన పడటం, ఆ తర్వాత ఒక చిన్న ఊళ్లో జర్మన్ సైనికుల మకాం. రచయిత్రిని 1942లో ఆష్విట్జ్‌కి పంపారు, అక్కడే చనిపోయింది. రాతప్రతి ఆమె కూతుళ్ల దగ్గర దశాబ్దాలపాటు ఉండిపోయి 2004లో గానీ అచ్చుకాలేదు. చర్చ బాగా జరిగింది. ఒకరిద్దరికి గొంతు పూడుకుపోయింది కూడా. తర్వాత కింద టీ తాగుతుంటే, మాలో బాగా చదువుకున్నవాడు, కవిత్వం రాసేవాడు అన్నాడు:

“వాడు రాక్షసుడే అన్నా, కాదన్నదెవరు? కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. ఫ్రాన్స్ లాంటి దేశాన్ని ఆరు వారాల్లో పడగొట్టాడు. ఆ ప్లానింగు, ఆ స్పీడు, ఆ డిసిప్లిను... మామూలు విషయం కాదు.”

ఎవరూ కాదనలేదు. ఇద్దరు తలూపారు. నేను టీ గ్లాసులోకి చూస్తూ ఊరుకున్నాను. జవాబు లేక ఊరుకున్నాను. ఇంటర్‌లో ఫిజిక్స్ నోట్సు చివరి పేజీల్లో బాణాలు గీసుకున్నవాణ్ణి నేను. ఆర్డెన్ అడవుల్లోంచి బయల్దేరి, సెడాన్ దగ్గర నది దాటి, ఇంగ్లిష్ చానల్ దాకా ఒకే వంపు తిరిగిన బాణం. రోమెల్ అంటే అప్పుడు నాకు హీరో. ఆ బాణం ఎవరి మీంచి పోయిందో అప్పుడు తెలీదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ రోజు ఇవ్వలేకపోయిన జవాబు ఇది. ఆ ఒక్కటి కూడా నేను ఒప్పుకోను.

*

ముందు ఆ ‘మెరుపు’ సంగతి చూద్దాం. బ్లిట్జ్‌క్రీగ్, మెరుపు యుద్ధం. జర్మన్ సైన్యం తన యుద్ధవిధానానికి అధికారికంగా పెట్టుకున్న పేరు కాదది. 1930లలో వాళ్ల సైనిక పత్రికల్లో అక్కడక్కడా కనిపిస్తుందంతే. దాన్ని ప్రపంచమంతా ఊరేగించింది 1939 సెప్టెంబరు తర్వాత ఇంగ్లిష్, అమెరికన్ పత్రికలు. దెబ్బ తిన్నవాళ్లకి కూడా ఆ మాట సుఖంగానే ఉంది. మెరుపు పడితే ఎవరేం చేస్తారు? ప్రకృతి వైపరీత్యానికి బాధ్యులుండరు గదా. కార్ల్-హైన్జ్ ఫ్రీజర్ అనే చరిత్రకారుడు, స్వయంగా జర్మన్ సైన్యంలో అధికారి, 1995లో ఈ మెరుపు కథ మీదే ఒక పుస్తకం రాశాడు. 1940లో గెలిచింది ముందే సిద్ధం చేసుకున్న మెరుపు సిద్ధాంతం కాదు, గెలుపు వచ్చాక దానికి సిద్ధాంతం అతికించారు అని ఆయన వాదన.

మెరుపు ఏ వాహనం మీద ప్రయాణం చేసిందో చూస్తే ఇంకా నవ్వొస్తుంది. గుర్రబ్బండి మీద. 1940 మే నెలలో జర్మనీ దగ్గర ఉన్న పాంజర్ డివిజన్లు పది. మోటారు వాహనాల మీద కదిలే పదాతి డివిజన్లు ఇంకొన్ని. మిగిలిన వందకు పైగా డివిజన్లు కాలినడకన నడిచాయి, వాటి ఫిరంగుల్నీ తిండినీ గుర్రాలు లాగాయి. 1941లో సోవియట్ యూనియన్ మీదికి వెళ్లేటప్పుడు కూడా ఆ సైన్యం వెంట 6 లక్షలకు పైగా గుర్రాలున్నాయి.

మరి మనకి గుర్రాలెందుకు గుర్తులేవు? కెమెరా వాటిని చూపించలేదు గనక. జర్మన్ సైన్యంలో ప్రచారం కోసమే ప్రత్యేక దళాలుండేవి. కెమెరామెన్లు, విలేకరులు, ఫోటోగ్రాఫర్లు యూనిఫారాలు వేసుకుని సైన్యంతోపాటు నడిచారు. వాళ్లు తీసిన ఫిల్ములోంచే వారంవారం సినిమా హాళ్లలో వేసే న్యూస్‌రీళ్లు వచ్చాయి, 1941లో ‘పశ్చిమాన విజయం’ అన్న పూర్తి నిడివి సినిమా వచ్చింది. ధూళి రేపుకుంటూ పోయే టాంకులు, గోల చేస్తూ దూకే స్టూకా విమానాలు, నవ్వే కుర్ర సైనికులు. ఇవాళ మనం యూట్యూబ్‌లో చూసే రెండో ప్రపంచ యుద్ధం వీడియోల్లో చాలా భాగం ఆ ఫిల్మే. వెనక మాట్లాడే గొంతు హిట్లర్‌ని తిడుతూ ఉంటుంది, ముందు కదిలే బొమ్మ మాత్రం గోబెల్స్ మంత్రిత్వశాఖకి నచ్చిన బొమ్మ. చెవి ఒకటి వింటుంది, కన్ను ఇంకోటి నమ్ముతుంది. “కానీ ఒక్కటి ఒప్పుకోవాలి” అన్న వాక్యం ఆ కంటిది.

పోలండ్ ఆశ్వికదళం కత్తులతో టాంకుల మీదికి ఉరికిందన్న కథ కూడా అక్కడ పుట్టిందే. 1939 సెప్టెంబరు 1న క్రోయాంటీ దగ్గర పోలిష్ రౌతులు దాడి చేసింది జర్మన్ పదాతిదళం మీద. ఆ తర్వాత జర్మన్ సాయుధ వాహనాలు వచ్చి వాళ్లని కాల్చాయి. ఆ చోటికి విలేకరుల్ని తీసుకెళ్లి, చచ్చిన గుర్రాల్ని చూపించి కథ అల్లారు. గుర్రాల మీద ఆధారపడ్డ సైన్యం, గుర్రాలున్నాయని పక్కవాణ్ణి వెక్కిరించింది. ఎనభై ఏళ్లు దాటినా మనం ఆ వెక్కిరింతని చరిత్ర అనుకుని పిల్లలకి చెబుతున్నాం.

*

రెండో సంగతి, ఆ ‘ప్లానింగు’.

సొమ్మొకడిది సోకొకడిది అంటారు గదా, ఆ సామెతకి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు దొరకలేదు. 1938 సెప్టెంబరు 29 రాత్రి మ్యూనిక్‌లో నలుగురు కూచుని చెకోస్లొవేకియా సరిహద్దు ప్రాంతం సుడెటెన్‌లాండ్‌ని జర్మనీకి రాసిచ్చారు. హిట్లర్, ముస్సోలినీ, చాంబర్లెయిన్, దలాదియే. ఆ దేశపు ప్రతినిధులు ఆ గదిలో లేరు, హోటల్లో కూచుని తమ దేశం ఏమైందో తెలిసేదాకా ఎదురుచూశారు. పోయింది భూమి ఒక్కటే కాదు, ఏళ్లతరబడి కట్టుకున్న సరిహద్దు కోటలు కూడా ఒక్క తుపాకీ పేలకుండా పోయాయి. ఆరు నెలలు తిరక్కుండా, 1939 మార్చిలో, ముసలి అధ్యక్షుడు హాహాని బెర్లిన్ పిలిపించి అర్ధరాత్రి కూచోబెట్టారు. ప్రాగ్ మీద బాంబులేస్తామని గోరింగ్ బెదిరిస్తే ఆయన స్పృహ తప్పాడు. సూదిమందిచ్చి లేపి తెల్లవారుజామున సంతకం పెట్టించుకున్నారు. మార్చి 15న సైన్యం ప్రాగ్‌లో దిగింది.

అక్కడ దొరికినవి ఏంటంటే, ప్ల్జెన్‌లోని స్కోడా ఆయుధ కర్మాగారాలు, ప్రాగ్‌లోని టాంకుల కర్మాగారం, అప్పటికే తయారై ఉన్న టాంకులు, ఫిరంగులు. ఫ్రాన్స్ మీదికి పోయిన పది పాంజర్ డివిజన్లలో మూడు ఈ చెక్ టాంకుల మీదే ఎక్కువగా ఆధారపడ్డాయి. అందులో ఒకటి నా నోట్సులో బాణాల హీరో రోమెల్‌ది. నేను పదిహేడేళ్ల వయసులో ముచ్చటపడ్డ ‘జర్మన్ ఇంజనీరింగ్’ కొంత చెక్ కార్మికుల చేతిపని అన్నమాట.

బంగారం కథ ఇంకా శుభ్రంగా ఉంటుంది. చెక్ జాతీయ బ్యాంకు బంగారం కొంత లండన్‌లో, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఖజానాలో, స్విట్జర్లాండ్‌లోని అంతర్జాతీయ పరిష్కారాల బ్యాంకు పేరు మీద భద్రంగా ఉండేది. ప్రాగ్ పడిపోయిన కొద్దిరోజులకే, జర్మన్ల ఒత్తిడితో ప్రాగ్ నుంచి ఒక ఆదేశం వెళ్లింది. సుమారు 23 టన్నుల బంగారం, అప్పటి లెక్కలో 56 లక్షల పౌండ్లు, జర్మనీ కేంద్ర బ్యాంకు ఖాతాలోకి మారిపోయింది. దొంగతనం అంటే గోడకి కన్నం వెయ్యక్కర్లేదు. టై కట్టుకున్న పెద్దమనుషులు ఒక ఖాతాలోంచి కొట్టేసి ఇంకో ఖాతాలో రాస్తే చాలు.

ఇక నూనె. 1939 ఆగస్టు 23న స్టాలిన్ ప్రభుత్వం హిట్లర్‌తో ఒప్పందం చేసుకుంది, రహస్య అనుబంధంలో పోలండ్‌ని చెరిసగం పంచుకుంది. 1940 ఫిబ్రవరిలో వాణిజ్య ఒప్పందం. ఆ తర్వాత సోవియట్ చమురు, ధాన్యం, ఖనిజాలు రైళ్ల మీద రైళ్లుగా జర్మనీకి చేరాయి. 1941 జూన్ 22 తెల్లవారుజామున దాడి మొదలయ్యే ముందు దాకా ఆ రైళ్లు ఆగలేదు. మన అభ్యుదయ మిత్రులు ఈ పేరా గబగబా దాటేస్తారని తెలుసు. దాటేయకండి. మ్యూనిక్ సంతకాన్ని తిట్టే నోటితోనే మాస్కో సంతకాన్నీ తిట్టాలి, లేకపోతే మనం తిట్టేది ఫాసిజాన్ని కాదు, మనకి గిట్టనివాళ్లని.

ఇదంతా పోగేస్తే ‘ప్లానింగు’ ఎలా కనబడుతుంది? బందిపోటు ఒక ఇంట్లో దోచిన గొడ్డలితో రెండో ఇంటి తలుపు పగలగొట్టినట్టు. ఫ్రాన్స్ లొంగాక ఆ దేశం మీద వేసిన ఆక్రమణ ఖర్చు రోజుకి 2 కోట్ల మార్కులు. తనని తొక్కి పెట్టిన సైన్యానికి జీతాలు తనే ఇచ్చుకోవాలి. దీన్ని నిర్వహణా సామర్థ్యం అనేవాళ్లు వడ్డీవ్యాపారిని దాత అనగలరు.

*

మూడోది, ఆ ఆరు వారాలు. ఇక్కడ నేను తొండి చెయ్యదల్చుకోలేదు. 1940 మే 10న మొదలై జూన్ 22న యుద్ధవిరమణ సంతకంతో ముగిసింది, 44 రోజులు. అది నిజం. సెడాన్ దగ్గర మ్యూజ్ నది దాటడం సాహసమే. కానీ దాన్ని తప్పు లేని యంత్రంలా చెప్పుకోవడం అబద్ధం.

అసలు పథకం అది కాదు. మొదటి పథకంతో పోతున్న జర్మన్ విమానం జనవరిలో దారితప్పి బెల్జియంలో దిగింది, కాగితాలు బెల్జియన్ల చేతిలో పడ్డాయి. ఆ తర్వాత తలకెత్తుకున్న కొత్త పథకాన్ని జర్మన్ జనరళ్లలోనే చాలామంది పిచ్చిపని అనుకున్నారు. సుమారు 41 వేల వాహనాలు ఆర్డెన్ అడవి రోడ్లలో ఇరుక్కుని మైళ్లకొద్దీ నిలిచిపోయాయి. మన పండగ ముందురోజు విజయవాడ హైవే గుర్తు తెచ్చుకోండి. ఆ వరస మీద నాలుగు బాంబులు సరిగ్గా పడుంటే ఇవాళ ‘బ్లిట్జ్‌క్రీగ్’ అన్న మాట ఒక జోకుగా మిగిలేది. మిత్రపక్షాల విమానాలు ఆ వరసని చూశాయి, చెప్పాయి. పైన ఉన్నవాళ్లు నమ్మలేదు. ఫ్రెంచ్ సర్వసేనాని గామెలాఁ ప్రధాన కార్యాలయంలో రేడియో సెట్టు కూడా లేదు. ఫ్రాన్స్ దగ్గర టాంకులు జర్మనీ కంటే తక్కువేమీ లేవు, ఎక్కువే.

నిద్రపోని సైనికుల క్రమశిక్షణా? 1940 ఏప్రిల్ నుంచి జూలై దాకా జర్మన్ సైన్యానికీ వైమానిక దళానికీ పంపిన మెథాంఫెటమిన్ మాత్రలు మూడున్నర కోట్లు. పెర్విటిన్ దాని పేరు. వ్యక్తిత్వ వికాసం పేరిట కాలేజీల్లో ఉపన్యాసాలిచ్చే మహానుభావులు కొందరు ‘లక్ష్యసాధన’కి హిట్లర్ సైన్యాన్ని ఉదాహరణగా చెప్పడం నా చెవులతో విన్నాను. ఈసారి విన్నప్పుడు మాత్రల సంగతి అడగాలని ఉంది.

ఇక్కడ నా మిత్రుడు ఒక మాట అడగొచ్చు: జర్మన్ల వేగాన్ని మార్క్ బ్లాక్ కూడా ఒప్పుకున్నాడు గదా? ఒప్పుకున్నాడు. బ్లాక్ ఫ్రాన్స్ గర్వించే చరిత్రకారుడు. యూదు కుటుంబం. యాభై మూడేళ్ల వయసులో, ఆరుగురు పిల్లల తండ్రి, కోరి యుద్ధానికి వెళ్లాడు. ఒక సైన్యానికి పెట్రోలు సరఫరా చూసుకునే కెప్టెన్ ఆయన. వెనక్కి తగ్గుతూ ఆ డిపోలనే తగలబెట్టించాల్సి వచ్చింది. అదే సంవత్సరం ‘వింత ఓటమి’ అన్న పుస్తకం రాసుకున్నాడు. జర్మన్లు ఇవాళ్టి వేగంతో ఆలోచించారు, మా పెద్దలు నిన్నటి యుద్ధం గురించి ఆలోచించారు అని నిర్మొహమాటంగా చెప్పాడు. కానీ ఆ ఒప్పుకోలు ఎవరిని దోషిగా నిలబెట్టిందో చూడండి. తన జనరళ్లని, తన పాలకులని, తన తరాన్ని, ఆఖరికి తరగతి గదిలో హాయిగా ఉండిపోయిన తనని. ఆ తర్వాత ప్రతిఘటనలో చేరాడు. 1944 జూన్ 16న జర్మన్లు ఆయన్ని లియోన్ దగ్గర పొలంలో కాల్చి చంపారు. పుస్తకం ఆయన పోయాకే అచ్చయింది.

బ్లాక్ ఒప్పుకోలుకి ప్రాణం ధర. మన ఒప్పుకోలుకి టీ ఖర్చు.

*

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఆ వేగం ఎందుకోసం? ఈ ప్రశ్న వదిలేసి వేగాన్ని విడిగా మెచ్చుకోవడం, ఉరితాడు నేత బాగుందనడం లాంటిది.

1939 ఆగస్టు 31 రాత్రి, సరిహద్దులోని గ్లైవిట్స్ రేడియో స్టేషన్ మీద పోలిష్ వాళ్లు దాడి చేసినట్టు ఎస్‌ఎస్ మనుషులు నాటకమాడారు. సాక్ష్యంగా ఒక శవం కావాల్సి వచ్చింది. ఫ్రాన్సిషెక్ హోనియోక్ అనే మామూలు మనిషిని ముందురోజే అరెస్టు చేసి, మత్తిచ్చి, అక్కడ పడేసి కాల్చారు. ఈ యుద్ధంలో మొదటి హతుడు ఆయనే అని చాలామంది అంటారు. మర్నాడు తెల్లవారుజామున వియెలుఁ అనే చిన్న పట్టణం మీద స్టూకాలు దూకాయి. మొదట దెబ్బతిన్నవాటిలో ఆసుపత్రి ఒకటి.

పాంజర్ల వెనకాలే ఐన్సాట్జ్‌గ్రుప్పెన్ అనే దళాలు నడిచాయి. వాళ్ల దగ్గర ఒక పుస్తకం ఉంది. యుద్ధానికి ముందే తయారుచేసిన జాబితా, 61 వేలకు పైగా పేర్లు. టీచర్లు, పూజారులు, లాయర్లు, డాక్టర్లు, రచయితలు, స్థానిక నాయకులు. ఒక జాతికి తలకాయ లేకుండా చేస్తే మొండెం ఎటు తోలితే అటు పోతుందని వాళ్ల లెక్క. ఆ ఏడాది ఆఖరుకల్లా చంపినవాళ్లు సుమారు 50 వేలని అంచనా. నవంబరు 6న క్రకోవ్‌లోని యాగెలోనియన్ విశ్వవిద్యాలయం అధ్యాపకుల్ని, జర్మనీ విద్యావిధానం మీద ఉపన్యాసం ఉంది రమ్మని పిలిచారు. వచ్చినవాళ్లని వచ్చినట్టే, 180 మందికి పైగా, లారీలెక్కించి తీసుకుపోయారు. అక్కణ్ణుంచి జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరానికి. అది ఆరువందల ఏళ్ల చరిత్ర ఉన్న, కోపర్నికస్ చదువుకున్న విశ్వవిద్యాలయం.

మా గుంపు సంగతే ఆలోచించాను. పదిమందిమి. ఇద్దరు లెక్చరర్లు, ఒక లాయరు, ఒక డాక్టరు, నలుగురు కవులు. ఆ జాబితా తయారుచేసినవాడికి మా వాట్సాప్ గ్రూపు దొరికితే చాలు, అచ్చంగా ఒక పేజీ నిండేది. మేం కూచుని ఆ జాబితా మోసుకొచ్చిన సైన్యం స్పీడుని మెచ్చుకుంటున్నాం.

ఫ్రాన్స్‌లో యుద్ధం పద్ధతిగా జరిగిందంటారు. ఎవరికి పద్ధతి? 1940 జూన్ 17న పెతాఁ యుద్ధం ఆపమని అడిగేశాడు. ఆ తర్వాత, జూన్ 20న, లియోన్ పక్కన షాస్‌లే ఊరి దగ్గర, ఫ్రెంచ్ సైన్యంలో పోరాడి బందీలైన సెనెగల్ దళాల సైనికుల్ని జర్మన్లు తెల్లవాళ్ల నుంచి వేరుచేశారు. దాదాపు 50 మందిని పొలంలో నిలబెట్టి టాంకుల మెషిన్‌గన్లతో కాల్చేశారు. అలా ఆ ఆరు వారాల్లో బందీలుగా చిక్కాక చంపేసిన ఆఫ్రికన్ సైనికులు కనీసం 1500 మంది అని రాఫాయెల్ షెక్ అనే చరిత్రకారుడి లెక్క. అదే జూన్ 20న లా షారితే అనే చోట బందీగా దొరికినవాడు సెనెగల్ కవి లియోపోల్డ్ సెదార్ సెంఘోర్. బతికాడు. శిబిరాల్లో కవిత్వం రాశాడు. తర్వాత తన దేశానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఆయన పక్కన ఉండాల్సిన ఎంతమంది కవులు షాస్‌లే లాంటి పొలాల్లో ఉండిపోయారో ఎవరు చెప్పగలరు?

ఇక్కడ మన చర్మం రంగు ఒకసారి చూసుకోవాలి. 1939 డిసెంబరులో మన దేశం నుంచి కూడా కంచరగాడిదల రవాణా కంపెనీలు ఫ్రాన్స్‌కి వెళ్లాయి. ఎక్కువమంది పంజాబీ ముస్లింలు. చాలామంది డన్‌కర్క్ మీదుగా బయటపడ్డారు, ఒక కంపెనీ జర్మన్లకి చిక్కింది. నేను గీసిన బాణం వాళ్ల మీంచి కూడా పోయింది.

*

చివరికి ఎప్పుడూ వచ్చే వాదన ఒకటుంది. “బ్రిటిష్‌వాడు మాత్రం తక్కువ తిన్నాడా? హిట్లర్ వాణ్ణి దెబ్బకొట్టబట్టే గదా మనకి స్వాతంత్ర్యం వచ్చింది?”

బ్రిటిష్‌వాడు తక్కువ తినలేదు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఒక్క భారతీయ నాయకుణ్ణి కూడా అడక్కుండా మన దేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. 1943లో బెంగాల్‌లో లక్షలమంది ఆకలితో చచ్చారు. ఇవన్నీ నిజం. కానీ హిట్లర్ మనకి విమోచకుడని ఎవరు చెప్పారు? ఆబిడ్స్‌లో ఆ కుర్రాడు కొన్న పుస్తకంలోనే ఉంది. ఇండియా ఇంకొకరి చేతిలో ఉండటం కంటే ఇంగ్లండ్ చేతిలో ఉండటమే తనకి నయమని హిట్లర్ అందులో రాసుకున్నాడు. స్వాతంత్ర్యం కోసం యూరప్‌లో తిరుగుతున్న భారతీయుల్ని గారడీవాళ్లంటూ వెక్కిరించాడు. 1937 నవంబరులో తనని చూడటానికి వచ్చిన హాలిఫాక్స్‌కి గాంధీని కాల్చేయమని సలహా ఇచ్చాడు. అదీ చాలకపోతే కాంగ్రెస్ నాయకుల్ని కూడా కాల్చమన్నాడు. ఆ హాలిఫాక్స్ ఎవరనుకున్నారు? గాంధీ-ఇర్విన్ ఒడంబడికలోని ఇర్వినే. తర్వాత 1941లో, రష్యా మీద దండయాత్ర సాగుతున్నప్పుడు, ఇంగ్లండ్‌కి ఇండియా ఎలాగో మాకు తూర్పు ప్రాంతం అలాగ అని తన మనుషులతో భోజనాల దగ్గర అన్నాడు. అంటే ఆయన కల మనమే. మనల్ని ఇంగ్లిష్‌వాడు ఏం చేశాడో అది చూసి, మెచ్చి, ఇంకా ఘోరంగా ఇంకొకళ్లకి చేద్దామనుకున్నాడు.

సుభాష్ చంద్రబోస్ వెళ్లలేదా అంటారు. వెళ్లాడు. బానిస దేశానికి ఎక్కడైనా చెయ్యి దొరుకుతుందేమో అని ప్రాణాలకి తెగించి వెళ్లాడు. 1942 మేలో హిట్లర్‌ని కలిసినప్పుడు ఆ పుస్తకంలోని మాటల గురించి మొహంమీదే అడిగాడు. భారత స్వాతంత్ర్యం మీద ఆయన కోరిన ప్రకటన హిట్లర్ ఇవ్వలేదు. ఆ తర్వాత మన హైదరాబాద్‌వాడు ఆబిద్ హసన్ సఫ్రానీతో కలిసి జలాంతర్గామి ఎక్కి తూర్పుకి వచ్చేశాడు. బోస్ అవసరం ఒప్పో తప్పో వాదించుకోవచ్చు. ఫుట్‌పాత్ మీద పుస్తకం కొనుక్కుని మెచ్చుకునే మనకి ఏ అవసరం ఉంది?

రెండింటినీ ఒకేసారి కాదనడం కుదరదనుకునేవాళ్లకి 1939నే గుర్తుచేస్తాను. నాజీ ప్రభుత్వం పిలిచినా వెళ్లని నెహ్రూ 1938లో ప్రాగ్ వెళ్లి ఆ దేశం మెడకి బిగుస్తున్న తాడు చూసొచ్చాడు. యుద్ధం రాగానే కాంగ్రెస్ నాజీయిజాన్ని ఖండించింది, అదే నోటితో మా స్వేచ్ఛ మాట తేల్చకుండా మీ యుద్ధంలోకి మమ్మల్ని లాగొద్దంది. మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడున్న మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ ప్రభుత్వం కూడా దిగిపోయింది. పరాయి పాలనలో ఉన్నవాళ్లు, జైళ్లకి పోయొచ్చినవాళ్లు, ఆ మాత్రం తేడా పట్టుకోగలిగారు. చేతిలో ఫోన్, జేబులో లైబ్రరీ ఉన్న మనకి అది కష్టమైపోయింది.

“కానీ ఒక్కటి ఒప్పుకోవాలి” అన్న వాక్యం హిట్లర్ దగ్గర ఆగదు. దానికి అలవాటుపడ్డ నోరు రేపు ఇంకో బలవంతుడి దగ్గర కూడా అదే అంటుంది. ఇళ్లు కూల్చాడు, కానీ ఒక్కటి ఒప్పుకోవాలి, టైముకి కూల్చాడు అంటుంది. పని ఏమిటో అడగకుండా పనితనాన్ని మెచ్చుకోవడం నేర్చుకున్నాక, ఇక నేర్చుకోవాల్సిందేం మిగల్లేదు.

వచ్చే నెల పుస్తకం ఎంచుకోవడం నా వంతు. మార్క్ బ్లాక్ ‘వింత ఓటమి’ అని గ్రూపులో పెట్టాను. చిన్న పుస్తకమే, రెండు రోజుల్లో అయిపోతుంది. ఆ మిత్రుడు బొటనవేలు ఎత్తాడు. చర్చ తర్వాత ఎలాగూ టీకి కిందికి దిగుతాం. ఈసారి నేను గ్లాసులోకి చూస్తూ నిలబడను.